పక్కసీటు మనిషి

"ఇంకొక్క తూరి తిప్పు వదినా," అన్నాడు మెకానిక్ ఓబుళేసు, బానెట్ కింద తల దూర్చి.

జ్యోతిలక్ష్మి తాళం తిప్పింది. ఇంజను గుర్రుగుర్రుమని మూలిగిందే తప్ప అందుకోలేదు.

"నేను చెప్తానే ఉండా, బ్యాటరీ పోయిందని," అన్నాడు ఆమె భర్త జయరాం, ఇంటి మెట్ల మీద కూర్చునే. "షెడ్డుకు తోలుకోని పోప్పా. నాలుగు దినాలు పెట్టుకో. తొందరేం లేదు."

తొందర లేనిది ఆయనకు. పదిన్నరకు అనంతపురంలో జ్యోతిలక్ష్మికి డ్రైవింగు పరీక్ష. ఆర్నెల్ల కిందట తీసుకున్న ఎల్ బోర్డు కాగితానికి రేపటితో గడువు సరి. ఈ రోజు తప్పిందంటే మళ్ళీ మొదటికి రావాలి. బుక్కరాయసముద్రం నుంచి అనంతపురానికి ఆటోలైతే కావలసినన్ని. కానీ ఆటో దిగి, చేతులూపుకుంటూ కారు పరీక్షకు పోతే నవ్విపోరూ?

విత్తనాలు జోరుగా అమ్ముడుపోయే రోజుల్లో, కంబదూరులో జ్యోతిలక్ష్మి వాళ్ళమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. విత్తనాల అంగడి వదిలి రాలేనన్నాడు జయరాం. ఇంటి ముందు కారు పెట్టుకుని, జ్యోతిలక్ష్మి రెండు బస్సులు మారి పోయింది. దారి పొడుగునా నిలబడే ఏడ్చింది. తిరిగొచ్చిన మర్నాడే కారు నేర్చుకుంటానని పట్టుబట్టింది.

నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో లైసెన్సున్న మనిషి కూర్చోవాలన్నది రూలు. ఇంట్లో కారు తోలే మొగుడుండగా ఇంకొకరెందుకని జయరాంనే కూర్చోబెట్టుకుంది. పదిహేనేళ్ళుగా తోలుతున్న మనిషి, దర్జాకేం తక్కువ? ఆమె క్లచ్చి వదలడం క్షణం ఆలస్యమైతే చాలు, కంబదూరులో ఉన్న అత్తమామలను కూడా కలిపి తిట్టేవాడు.

"బ్యాటరీ కాదన్నా," అన్నాడు ఓబుళేసు. "హారను కొట్టు వదినా."

హారను వీధంతా అదిరేట్టు మోగింది.

"చూడు. బ్యాటరీ పోయుంటే ఇట్ల అరుస్తాదా?"

"అయితే పెట్రోలు అయిపోయుంటాది."

"నిన్న సాయంత్రం నేనే కొట్టిచ్చినా," అంది జ్యోతిలక్ష్మి.

"ఆ పెట్రోలులో నీళ్ళు కలిసుంటాయి."

"మన జిల్లాలో నీళ్ళు యాడుండాయన్నా, కలిపేకి?" అన్నాడు ఓబుళేసు.

జ్యోతిలక్ష్మికి నవ్వు రాలేదు. తొమ్మిదిన్నర దాటింది. తాళం సగం తిప్పి, ఊపిరి బిగబట్టి వింది. ఇంకోసారి తిప్పి వింది.

"ఓబుళేసూ, దినామూ తాళం సగం తిప్పుతానే వెనక సీటు కింద సన్నగా ఝుమ్మంటాది. ఈ పొద్దు ఆ శబ్దం లేదు."

ఓబుళేసు తల బయటికి తీశాడు. "అది పెట్రోలు పంపు! భలే పట్టినావు వదినా. నా కంటే నువ్వే నయం."

జయరాంకు దగ్గు వచ్చింది.

ఓబుళేసు ఫ్యూజుల డబ్బా మూత తీసి చూశాడు. "పంపుకు కరెంటు పోయే ఫ్యూజు లేదన్నా."

"కాలిపోయిందా?"

"కాలిపోతే ఆడనే ఉంటాది కదా. ఇది ఎవరో పీకిండేది."

"ఎలుక ఎత్తుకపోయుంటాది. ఎలుకలు జాస్తి అయినాయి ఈడ."

"ఎలుకే అన్నా. బానెట్టు లేపి, మూత తీసి, ఇన్నింటిలో కావాల్సిన ఫ్యూజే పీక్కోని, మళ్ళా మూతేసి పోయింది. దొరికితే చెప్పు, మా షెడ్డులో పనికి పెట్టుకుంటా."

జ్యోతిలక్ష్మి కారు దిగి మెట్ల దగ్గరికి వచ్చింది. మొగుడి ముఖం ముందు చెయ్యి చాపింది.

"ఇయ్యి."

"ఏంది?"

"జేబులోది."

జయరాం అటూ ఇటూ చూసి, అంగీ జేబులోంచి గోరంత ఫ్యూజు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను కారు తోలితే నీకంత కడుపుమంటా?" అంది జ్యోతిలక్ష్మి. "మాయమ్మ మంచాన పడితే బస్సులో నిలబడి పోయినా. అది చూసి గూడా నీకు ఇట్ల చేసేకి మనసెట్ల వచ్చె?"

"కడుపుమంట కాదే," అన్నాడు జయరాం తల వంచుకుని. "ఆ రోడ్డులో లారీలు ఎట్ల వస్తాయో చూసినావు కదా. లైసెన్సు చేతికొస్తే రేపే ఒక్కదానివే కంబదూరికి పోతావు. నీకేమన్నా అయితే నేనేం కావాల?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంత మాట ఆయన నోటినుంచి రావడం ఇదే మొదలు. ఓబుళేసు మర్యాదగా ఇంజను వైపు తిరిగాడు. జ్యోతిలక్ష్మి కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"ఆ మాట ముందే చెప్పకూడదా, పిచ్చి మనిషీ!" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "లెయ్, పోదాం పా."

"నేనెందుకు? ఓబుళేసు వస్తాడులే."

"షెడ్డులో మూడు బండ్లుండాయన్నా. నాకు కుదరదు."

"నాకు పొద్దున్నుంచీ తలనొప్పి..."

"ఏం కాదు. నేర్పింది నువ్వు, నా పక్కన నువ్వే ఉండాల. నేనెట్ల తోలుతానో చూస్తే నీ భయమూ పోతాది."

ఫ్యూజు పెట్టగానే కారు ఒక్క తిప్పుకే అందుకుంది.

దారిలో లారీలు వచ్చాయి, పోయాయి. జ్యోతిలక్ష్మి ఒక్క తప్పు చేయలేదు. జయరాం మాత్రం తువ్వాలు ముఖానికి చుట్టుకుని, కళ్ళు మాత్రమే కనబడేట్టు కూర్చున్నాడు. దుమ్మంట. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి.

"ఇంకా భయంగా ఉండాదా?" అంది ఆమె, పరీక్ష మైదానంలో కారు ఆపి, తన వైపు అద్దం దించుతూ.

"ఊ," అన్నాడు తువ్వాలులోంచి.

ఆ ఒక్క 'ఊ'కే ఆమె గుండె కరిగిపోయింది. తనంటే ఇంత ప్రాణం పెట్టుకున్న మనిషిని ఇన్నేళ్ళూ మొండివాడనుకున్నందుకు సిగ్గేసింది. చెయ్యి చాచి తువ్వాలు తీసి, ఆయన నుదుటి చెమట తుడిచింది.

అప్పుడే పేర్లు రాసుకుంటూ వచ్చిన ముసలి బంట్రోతు కిటికీలోకి వంగి, ఆమెను దాటి పక్కసీటు వైపు చూసి, బోసినోటితో నవ్వాడు.

"ఏమప్పా జయరామూ, నాలుగు తూర్లు ఫెయిలైనా మళ్ళా వచ్చినావా?"