ఉత్తుత్తి ఓటు

అసలు ఓటింగ్ మొదలయ్యే ముందు, మెషీన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో పార్టీల ఏజెంట్ల చేత ఉత్తుత్తి ఓట్లు వేయించి చూస్తారు. మా పోలింగ్ గదిలో ఏజెంట్లం ఇద్దరమే. ఒక పార్టీకి మా అక్క మొగుడు, ఎదుటి పార్టీకి నేను. ప్రచారం మొదలైన దగ్గర్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయనింట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం మానేశాను. మధ్యలో అక్క నలిగిపోతోంది.

"ఈ మెషీన్లని నమ్మడానికి లేదు మేడమ్. ఒకరికి నొక్కితే ఇంకొకరికి పడుతోందట," అన్నాడు బావ.

"మా పార్టీ అనేదీ అదే," అన్నాను, ఆయన వైపు చూడకుండా.

"చెరో ఓటు వేసి చూసుకోండి బాబూ. ఎలాగూ చెరిపేస్తాను, ఇవి లెక్కలోకి రావు," అంది పోలింగ్ మేడమ్.

బావ అట్ట చాటుకు వెళ్లాడు. మెషీన్ కుయ్యిమంది. తర్వాత నేను వెళ్లాను. ఎలాగూ చెరిపేసేదే కదా అని, వేలిని దాని ఇష్టానికి వదిలేశాను. మళ్లీ కుయ్యిమంది.

మేడమ్ ఫలితం చూపించింది. బావ పార్టీకి ఒకటి, మా పార్టీకి ఒకటి.

"చూశారా? ఎవరి ఓటు వాళ్లకే పడింది. ఇక సంతకాలు పెట్టండి."

బావ పెన్ను తీశాడు గానీ సంతకం పెట్టలేదు. నా వైపే చూస్తున్నాడు.

నేను నొక్కింది ఆయన పార్టీ మీట. మరి మా పార్టీకి ఆ ఒక్క ఓటూ వేసిందెవరు?

ఆయన మొహంలోనూ అదే లెక్క నడుస్తోంది.

"మెషీన్‌లో మోసమేం లేదంటావా బామ్మర్దీ?" అన్నాడు చివరికి.

"మెషీన్‌లో అయితే లేదు బావా," అన్నాను.