ఆ ఇంట్లో బీపీ

"ఆగరా! ఏంటా పెట్టె?"

మిరప కల్లంలో మంచం మీద కూర్చున్న శివరామకృష్ణ అరిచాడు.

దారిన పోతున్న మనిషి ఆగాడు. మాసిన చొక్కా, చంకలో రేకు పెట్టె.

"బీపీ మిషనండి. రెండ్రూపాయలిస్తే చూస్తాను. బుల్లయ్యంటారండి, మాది పొదిలి వైపు."

"నువ్వు డాక్టరువా?"

"కాదండి. చూడ్డం నేర్చుకున్నాను."

"అయితే చూడు. నా బీపీకి నీ మిషను పగలకపోతే అప్పుడడుగు."

కూలీలు నవ్వారు. ఆయన జోకుకు నవ్వకపోతే రేపు పన్లోకి పిలవడు.

శివరామకృష్ణ బీపీ ఊరందరికీ తెలుసు. ఎప్పుడో పాలేరుతో పోట్లాడి రొప్పుకుంటూ వెళ్తే, ఆర్‌ఎంపీ డాక్టరు చూసి "కాస్త ఎక్కువుందండి" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని పదేళ్ళుగా ఇంటిని ఏలుతున్నాడు మహానుభావుడు. ఉప్పు తగ్గితే చప్పగా ఉందని, ఎక్కువైతే బీపీ అని కంచం విసిరేవాడు. "ఆయనకి బీపీ" అంటూ భార్య రాజ్యం మెతుకులు ఏరుకునేది. మాత్ర మాత్రం ఏనాడూ మింగలేదు. బీపీ తగ్గిపోతే ఇంట్లో తన మాట వినేదెవరు?

"కాసేపు మాట్లాడకుండా కూర్చోండి," అన్నాడు బుల్లయ్య.

రెండుసార్లు చూశాడు.

"మీకు బీపీ లేదండి."

పొలం జప్తు చేస్తామన్నా శివరామకృష్ణ అంత ఉలిక్కిపడేవాడు కాదు.

"నాకు లేకపోతే ఈ ఊళ్ళో ఇంకెవడికుంటుందిరా?"

"అమ్మగారికి కూడా ఒకసారి చూస్తానండి. డబ్బులక్కర్లేదు."

"దానికా? నోట్లో నాలుక లేనిదానికి బీపీ ఎక్కణ్ణించొస్తుంది?"

తలనొప్పికి శొంఠి పట్టు వేసుకుని, కూలీలకు మంచినీళ్ళు పోస్తున్న రాజ్యం వచ్చి చెయ్యి చాపింది. మొగుడు చెప్పకుండా ఆమె చేసిన పని అదొక్కటే.

బుల్లయ్య ఆ చేతికి కట్టి చూశాడు. ఈ చేతికీ కట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

"రెండొందలు దాటిందండి. ఇవాళే గుంటూరు తీసుకెళ్ళండి. మందులు వాడితే మనిషి దక్కుతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా బీపీ తీసి నా పెళ్ళానికి అంటగడతావా, దొంగవెధవా!"

శివరామకృష్ణ తన్నిన తన్నుకు పెట్టె వెళ్ళి మిరపకాయల్లో పడింది.

బుల్లయ్య దాన్ని తీసుకుని దుమ్ము దులుపుకున్నాడు.

"మీరైనా వెళ్ళండమ్మా."

"వెళ్తాలే అన్నా. ఈ కాయలు మిర్చి యార్డుకి అమ్మకానికి పోయాక."

కాయలు యార్డుకి పోకముందే, వాటిని తిరగేస్తూ రాజ్యం కల్లంలో కుప్పకూలింది. మూతి ఒక పక్కకి లాగేసింది.

"ఎండదెబ్బ," అని తేల్చాడు శివరామకృష్ణ. మజ్జిగ తెమ్మని అందరి మీదా అరిచాడు. ఆ అరుపులతోనే పూట గడిచిపోయింది.

గుంటూరులో డాక్టరు అడిగాడు.

"బీపీ ఎన్నాళ్ళ నుంచి?"

"నాకాండీ?"

"ఆవిడకయ్యా!"

మర్నాడు రాజ్యం పోయింది.

పెదకర్మ నాడు రాజ్యం తమ్ముడు దానయ్య పొదిలి నుంచి వచ్చాడు.

"అక్కకు ఇంత జబ్బుందని ఎవరూ చెప్పలేదా బావా?"

"చెప్పాడొకడు. బుల్లయ్యంట, మీ వైపువాడే. అడుక్కుతినేవాడి మాట ఎవడు నమ్ముతాడు?"



"అడుక్కుతినేవాడు కాదు బావా, నలభై ఎకరాల ఆసామి. మగాళ్ళకు బీపీ చూసే వంకతో ఇళ్ళల్లో ఆడవాళ్ళకు చూడాలని ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు."

"ఆయనకేం పట్టింది?"

"ఆయనా నీలాంటోడే బావా, పెళ్ళాం కుప్పకూలి చచ్చేదాకా ఇంట్లో బీపీ తనకే ఉందనుకున్నాడు."