పొట్టకి వేసే సూది

డాక్టరమ్మ టేపు పెట్టి కండక్టరమ్మ ఎడమ పిక్క కొలిచింది. తర్వాత కుడి పిక్క.

ఎడమది బాగా లావెక్కింది. ఎర్రగా కంది ఉంది. గుడ్డ తగిలినా ప్రాణం విలవిల్లాడుతోంది.

"సిరలో రక్తం గడ్డకట్టిందని స్కానింగులో తేలింది కదమ్మా. ఎందుకు కట్టిందో ఇప్పుడు రక్తపరీక్షలో దొరికింది."

డాక్టరమ్మ వయసు కండక్టరమ్మ చేసిన సర్వీసంత కూడా ఉండదు. మాట మాత్రం మెత్తన.

"మీ రక్తంలో రెండు గుర్తులు బాగా ఎక్కువగా ఉన్నాయి. ఇవి ఉన్నవాళ్ళకి రక్తం ఊరికే గడ్డకడుతుంది. మూణ్ణెల్లు ఆగి మళ్ళీ పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం కానీ, నాకైతే పెద్ద అనుమానం లేదు. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ఎప్పుడైనా గర్భం పోవడం లాంటిది..."

"మూడు."

టిక్కెట్లు ఎన్నని ఎవరో అడిగినట్టు టక్కున చెప్పేసింది.

"మొదటి రెండూ తొలి నెలల్లోనే. మూడోది ఆరో నెల. ఆడపిల్ల."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

"దీనివల్లే అయ్యుంటుందమ్మా. మాయలో కూడా రక్తం గడ్డకడుతుంది. బిడ్డకి అందాల్సింది అందదు."

"బస్సు కుదుపులకి కాదా?"

"అయ్యో, కుదుపులకి కాదమ్మా."



మూడో గర్భం పోయిన రోజు బస్సు నడిపింది ఆమె మొగుడే. ఆయన డ్రైవరు, ఈమె కండక్టరు, ఇద్దరికీ ఒకటే బండి. కాపురం బస్సులోనే పెట్టేశారని డిపోలో అందరూ ఆటపట్టించేవాళ్ళు.

పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంతలో ముందు చక్రం పడింది. బండి ఎగిరిపడింది. ఆ సాయంత్రమే నొప్పులు మొదలయ్యాయి.

ఆస్పత్రి మంచం మీద ఆమె ఒక్కటే మాట అంది.

"కాస్త చూసి నడపలేకపోయారా?"

కడుపుకోతలో నోరు జారింది. ఆయన తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ గుంత సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

కానీ ఆ తర్వాత రిటైరయ్యేదాకా, స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు, ఆయన ఫస్ట్ గేరులోకి దిగిపోయేవాడు. వెనక హారన్లు చెవులు చిల్లులు పొడిచేవి. ఆలస్యానికి మెమోలు వచ్చేవి. "డ్రైవర్ గారూ, దిగి తొయ్యమంటారా?" అని ఎవరో అంటే బస్సంతా పకపకా నవ్వేది.

వెనక తలుపు దగ్గర ఆమె ఒక్కతే తల దించుకునేది.

"అప్పుడే తెలిసుంటే మందుండేదా అమ్మా?" అని డాక్టరమ్మని అడిగింది.

డాక్టరమ్మ బల్ల మీది పెట్టెలోంచి సన్నటి సూది ఒకటి తీసి చూపించింది.

"మీ కాలికి రాశానే, ఇదే. పొట్ట మీద చర్మం కింద రోజూ వేసుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు ఇది వాడితే చాలామందికి బిడ్డలు దక్కుతున్నారు."

"అప్పట్లో ఉందా ఇది?"

డాక్టరమ్మ సూదిని తిరిగి పెట్టెలో పెట్టింది.

"ఉందమ్మా."

బయట బెంచీ మీద ఆయన మందుల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమంది?"

"మాత్రలు పని మొదలుపెట్టేదాకా పొట్టకి సూదులట. మీరే వెయ్యాలి."

నర్సు ఆయనకు ఎలా వెయ్యాలో నేర్పింది. పాఠం వినే పిల్లాడిలా ప్రతి మాటకీ తలూపాడు.

ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తృప్తి లేక మళ్ళీ కడుక్కున్నాడు. ఆమె మంచం మీద పడుకుని పొట్ట మీది బట్ట పక్కకి జరిపింది.

ఆయన సూది పట్టుకుని వంగాడు, మళ్ళీ వెనక్కి తగ్గాడు.

"అంత బస్సు నడిపారు, ఇంత సూదికి భయమా?" అని నవ్వబోయి, ఆమె నాలిక్కరుచుకుంది.



"ఏమండీ," అంది. "ఆ గుంత వల్ల కాదట."

ఏ గుంత అని ఆయన అడగలేదు.

"లోపం నా రక్తంలోనే ఉందట. ముగ్గురూ దానివల్లే పోయారట. మీరు ఎంత మెల్లగా నడిపినా ఆ పిల్ల దక్కేది కాదు. అనకూడని మాట నేనే అన్నాను. ఇన్నేళ్ళూ మోశారు."

ఆయన సూది పక్కన పెట్టి మంచం అంచున కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె లేచి కూర్చుని వీపు నిమిరింది. ఆయన గుండె మీది బరువు దిగుతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. మాట వెనక్కి తీసుకున్నందుకు ఆమెకూ కాస్త ఊపిరాడింది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. సూది మళ్ళీ చేతిలోకి తీసుకుని, మూత తీయబోతూ ఆగాడు.

"అప్పుడే తెలిసుంటే? మందేమైనా ఉండేదా?"

ఆమె ఆయన చేతికేసి చూసింది.

"లేదు," అంది. "అప్పట్లో లేదట. కానివ్వండి, టైమవుతోంది."

ఆయన రెండు వేళ్ళతో పొట్ట మీద చర్మం పట్టుకుని, ఊపిరి బిగబట్టి సూది దించాడు.

"నొప్పేసిందా?"

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

"లేదు. చీమ కుట్టినంత కూడా లేదు."