చిన్న గంట

"మా ఊరి గంట మీ చర్చిలో ఉందట. ఒక్కసారి మోగిస్తారా బాబూ?"

ఎగ్గెర్ట్ తలెత్తి చూశాడు. గుమ్మంలో ఒక ముసలమ్మ. చేతిలో సంచి, బూట్లకి బురద.

పొద్దుట్నించి సమాధుల మధ్య ఆకులు ఊడ్చి ఊడ్చి అతని నడుం పడిపోయింది. ఆ ఊరి చర్చికి తాళం తీసేదీ, ఊడ్చేదీ, గంట కొట్టేదీ అతనే. ఇరవై ఏడేళ్లుగా అదే చాకిరీ. ఊరివాళ్లు చర్చికి రారు గానీ, గంట ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పోట్లాటకొస్తారు.

"ఏ గంట?"

"చిన్నది. యుద్ధంలో తుపాకుల కోసం కరిగించడానికి పట్టుకుపోయారు. ఎలాగో మిగిలి మీ దగ్గరికి చేరింది. యుద్ధం తర్వాత సరిహద్దు మారి మా ఊరు పోలండ్‌లోకి పోయింది."

"ఆ చిన్నది ప్రార్థన ఉన్న ఆదివారమే మోగుతుంది. అప్పుడు రండి."

"ఈ ఆదివారమా?"

"మా పాస్టరమ్మకి ఏడు ఊళ్లు. మా వంతు ఇంకో మూడు వారాలకి."

ముసలమ్మ బల్ల మీద కూలబడింది. "నాలుగు రైళ్లు మారి వచ్చాను నాయనా. మళ్లీ రాలేను. నాలుగింటికి నా బస్సు."

"ఆ గంట వేళకాని వేళ మోగిందంటే ఊళ్లో ఎవరో పోయారని అర్థం. ఊరంతా నా మీద పడుతుంది. ఎవరూ పోకుండా ఎలా కొట్టమంటారు?"

"పోయినవాళ్లున్నారు బాబూ."

"ఎప్పుడు?"

"డెబ్భై నాలుగేళ్లయింది."

ఎగ్గెర్ట్‌కి నవ్వాగలేదు. "ఇన్నేళ్లు ఆగినవాళ్లకి మూడు వారాలొక లెక్కా!"

ఆమె గోపురం కింద నిలబడి కాసేపు పైకి చూసి, బస్సుకి వెళ్లిపోయింది.

నిజానికి స్విచ్ నొక్కితే చాలు, గంట దానంతటదే మోగుతుంది. ఆ సంగతి ఆమెకి తెలియకపోవడమే మంచిదైందనుకున్నాడు ఎగ్గెర్ట్.

పది రోజుల తర్వాత పాస్టరమ్మ ఫోన్ చేసింది.

"ఎగ్గెర్ట్, చిన్న గంట కొట్టాలి. పది నిమిషాలు."

"ఎవరు పోయారమ్మా?"

"మన ఊరావిడ కాదులే. ఎక్కడో వృద్ధాశ్రమంలో ఉండేదట. తను పోయాక మన చిన్న గంట కొట్టించమని కాగితం రాసిపెట్టింది. ఈమధ్యే మన ఊరొచ్చిందట కదా, గంట విందా?"

స్విచ్ ఎదురుగా గోడ మీదే ఉంది.

"లేదమ్మా," అన్నాడు ఎగ్గెర్ట్. "బద్ధకించి నేనే కుదరదన్నాను. ఇంతకీ ఎవరావిడ?"

"ఆవిడ పుట్టిన పూటే తల్లి పోయిందట. ఆ తల్లి పేరున తండ్రి పోత పోయించిన గంట అది. 'అదేనే మీ అమ్మ గొంతు' అని చెప్పి పెంచాడట."