మూడు తరాల పేర్లు

"మూడు పేర్లమ్మా. ఒక్కటి తప్పినా కారు కడప దావే పడతాది," అన్నాడు వేణుగోపాల్ తల్లి చెవిలో.

రాజ్యలక్ష్మమ్మ తల ఊపింది. పాపాఘ్ని ఇసుకలో, సన్నటి నీటిపాయ పక్కన, ఆమె భర్త నాగసుబ్బయ్య దక్షిణముఖంగా పీట మీద కూర్చొని ఉన్నాడు. వేంపల్లె జూనియర్ కళాశాలలో ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మనిషి, పోయిన నెల రాయచోటి బస్టాండులో తన ఊరేదో చెప్పలేక పగలంతా కూర్చుండిపోయాడు. మతిమరుపు ముదిరినవాళ్లను చూసుకొనే ఆశ్రమం ఒకటి కడపలో ఉంది. అందులో చేర్చాలని కొడుకు పట్టు. మహాలయ అమావాస్యనాడు పెద్దల పేర్లు తప్పు లేకుండా చెబితే ఇక ఆ మాట ఎత్తకూడదని తల్లి బతిమాలి ఒప్పించింది. ముందుగా నేర్పిస్తే చెల్లదని అతను షరతు పెట్టాడు. ఆమె నేర్పించలేదు.

పురోహితుడు ఆయన వేలికి దర్భ పవిత్రం తొడిగాడు. "తర్పణం మొదలుపెడదామా సార్?"

"తర్పణమంటే ఏందో తెలిసే చేయిస్తాండావా?"

"పోయినోళ్లకు నీళ్లు వదలడం."

"అది నువ్వు చేయించే పని. మాటకు అర్థం కాదు. తృప్ అనే ధాతువు నుంచి పుట్టింది. తృప్తిపరచడమే తర్పణం. ఆ మాటలో చావూ లేదు, నీళ్లూ లేవు. దేవతలకూ ఋషులకూ కూడా తర్పణాలు ఉండాయి. నువ్వులు కలిపి పెద్దలకు వదిలితే తిలతర్పణం. వాళ్లు వచ్చి తాగుతారని నేనెప్పుడూ నమ్మలేదు. తృప్తి ఎవరికంటావా, వదిలేవాడికే."

"పొద్దున్నే పాఠం పడింది నాకు," అని పురోహితుడు నవ్వాడు.

రాజ్యలక్ష్మమ్మ గర్వంగా కొడుకు వైపు చూసింది.

"ధాతువులు కాదమ్మా, పేర్లు," అన్నాడతను.

ఆమె రాగి చెంబు తీసుకొని ముందుకు వంగింది. "పోయమంటారా?"

"పోయండమ్మా. పాపం, మీకు శ్రమ," అన్నాడు నాగసుబ్బయ్య.

హుషారుగా ఉన్నప్పుడు భార్యను 'మీరు' అని పిలిచి ఆట పట్టించడం ఆయనకు పూర్వపు అలవాటు. రెండేళ్లుగా ఆ వేళాకోళమే లేదు.

"చూడు, ఎగతాళి కూడా తిరిగొచ్చె," అంది ఆమె కొడుకుతో. కళ్లు చెమర్చాయి.

"తండ్రిగారి పేరు?" అడిగాడు పురోహితుడు.

నాగసుబ్బయ్య అరచేతిలోని నువ్వులను చూస్తూ ఉండిపోయాడు.

"నాయనా..." అన్నాడు వేణుగోపాల్.

"నువ్వు నోరు మూసుకో!" తల్లి కసిరింది.

"ఓబులయ్య," అన్నాడు ఆయన, నిదానంగా. "తాత చిన్నగంగన్న. ముత్తాత కొండప్ప."

పేరు పేరుకూ మూడేసి సార్లు నీళ్లు బొటనవేలి పక్కగా జారాయి. వేణుగోపాల్ జేబులోంచి కాగితం తీసి చూసుకున్నాడు. మూడూ సరిపోయాయి. అతను కాగితాన్ని మడిచి, తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాదే తప్పమ్మా. ఇంటికే పోదాం. మేం రావడం లేదని ఆశ్రమమోళ్లకు చెప్తా."

ఈ నెల రోజుల్లో మొదటిసారి రాజ్యలక్ష్మమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఇంకెవరికైనా వదలాల్నా సార్?" అన్నాడు పురోహితుడు. "పోయిన బంధువులు, గురువులు, స్నేహితులు... ఎవరికైనా వదలొచ్చు."

"ఒకరున్నారు." నాగసుబ్బయ్య తనంతట తానే మళ్లీ నువ్వులు తీసుకున్నాడు. గొంతు తగ్గింది. "శానా ఓర్పు గల మనిషి. నాతో వేగింది."

చిన్నప్పుడే తల్లి పోతే ఆయనను పెంచిన అక్కగారు కాబోలనుకొని, రాజ్యలక్ష్మమ్మ ఆయన చేతిలో నీళ్లు పోసింది.

"పేరు చెప్పండి సార్."

"రాజ్యలక్ష్మి, నా భార్య."