డాగ్‌వుడ్ పూసేదాకా

పికప్ ట్రక్కు గేటు దాటగానే రొవీనా గుర్తుపట్టింది. హోలిస్ బండి. చేతిలోని నీళ్ళ గొట్టం పడేసి, నవ్వుతూ ఎదురెళ్ళింది.

ట్రక్కు రెండో తలుపు కూడా తెరుచుకుంది. అందులోంచి ఒకావిడ దిగింది. లేత పసుపు గౌను, పెదాలకు రంగు. దిగుతూనే హోలిస్ మోచెయ్యి పట్టుకుంది.

రొవీనా ఉన్నచోటే ఆగిపోయింది.

మొన్న పొద్దున తన వంటింట్లో కూర్చుని, తను వేసిన గుడ్లు తిని, “నాష్‌విల్‌లో పనుంది, వారం దాకా రాలేను” అని చెప్పి వెళ్ళిన మనిషి. టెనెసీ రాష్ట్రమంతా తిరిగి పంపుసెట్లు అమ్మే ఉద్యోగం అతనిది. వచ్చిపోవడాలు ఆమెకు ఏళ్ళుగా అలవాటే. అతని చొక్కాలు ఆమె అలమరలో ఉంటాయి. బురద బూట్లు ఆమె వెనక మెట్ల మీద ఉంటాయి. “వచ్చే వసంతానికి ఇదంతా కట్టిపెట్టేసి నీ దగ్గరే ఉండిపోతా” అని ఏటా అంటాడు. ఆమె ఏటా నమ్ముతుంది.

హోలిస్ ఆమె వంక చూడలేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

“టిప్టన్ వాళ్ళ తోటంటే ఇదేనా అమ్మాయ్?” అంది ఆవిడ. “నా పేరు నెల్డా. డాగ్‌వుడ్ పూలమొక్క కావాలంటే ఇక్కడికే రమ్మని మా చర్చిలో అందరూ చెప్పారు. ఈయనేమో అంత దూరమెందుకు, దగ్గర్లో ఎక్కడైనా కొందామని ఒకటే గోల. నేనే లాక్కొచ్చా.”

రొవీనా కాళ్ళు వాటంతటవే తోటలోకి దారితీశాయి. వాళ్ళ నాన్న నాటిన చెట్లు వరసగా విరగబూసి ఉన్నాయి. వాటి నీడన అమ్మకానికి పెట్టిన పిల్ల మొక్కలు.

“ఈ తెల్లదాన్ని ప్రిన్సెస్ అంటారు. పువ్వు పెద్దది, పూత దట్టంగా వస్తుంది. ఆ ఎర్రది బ్రేవ్. నడుమ తెల్లగా ఉంటుంది చూడండి. నిదానంగా పెరుగుతుంది కానీ ఆకుకు బూజు తక్కువ. ఆ చివరున్నది కూసా. జపాన్ నుంచి వచ్చిన రకం. తెగుళ్ళకు తొందరగా లొంగదు. కానీ మిగతావి పూసి రాలాక గానీ పూయదు.”

“మీ ఇంటి ముందైతే ఏది వేసుకుంటావు?”

“ఎర్రది,” అంది రొవీనా.

“అయితే నాకూ అదే. ఏమయ్యా, నోట్లో ఏమన్నా కుక్కుకున్నావా? ఇంట్లో కుర్చీ ఇటు జరిపితే అరగంట ఉపన్యాసమిస్తావు. చెప్పు, ఎరుపేనా?”

“నీ ఇష్టం నెల్డా,” అన్నాడు హోలిస్. తర్వాత నేలకేసి చూస్తూ, “దీనికి ఎండ ఎంత కావాలి మేడమ్?” అని అడిగాడు.

మేడమ్!

రొవీనా ఎర్రపూల మొక్క కుండీని వరసలోంచి బయటికి తీసింది. “పొద్దుటెండ చాలు.”

“భలే! మా కొత్త వరండా తూర్పుకే ఉంది,” అంది నెల్డా. “పోయిన నెలే కట్టించాం. రెండు ఊగే కుర్చీలు వేశాం. కాఫీ తాగుతూ ఈ పూలు చూడాలని నా ఆశ.”

కొత్త వరండా. రెండు కుర్చీలు. రొవీనా ఈసారి తిన్నగా హోలిస్ మొహంలోకి చూసింది.

“పిల్ల మొక్క. పూత రావడానికి చాలా ఏళ్ళు పట్టొచ్చు. అన్నాళ్ళూ మీరు అక్కడే ఉంటారా?”

నెల్డా కూడా అతని వైపు తిరిగింది. ఇద్దరు ఆడవాళ్ళూ జవాబు కోసం చూస్తున్నారు.

“ఎక్కడికి పోతాం మేడమ్,” అన్నాడు హోలిస్ మెల్లిగా. “అక్కడే ఉంటాం.”



నెల్డా మొక్క ఆకులు నిమురుతోంది. “గొయ్యి ఎంత లోతు తియ్యాలమ్మా? నేను నాటిన మొక్క ఒక్కటీ బతికింది లేదు. ఇదొక్కటైనా బతకాలి.”

లోతుగా పాతిపెట్టమని ఒక్క మాట అంటే చాలు. వేళ్ళకు ఊపిరాడక ఏడాదిలో ఎండిపోతుంది. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. ఆ మాట రొవీనా నాలుక చివరిదాకా వచ్చింది.

నెల్డా నమ్మకంగా ఆమె నోటివంకే చూస్తోంది.

“లోతు వద్దు,” అంది రొవీనా. “కుండీ ఎత్తుకు మించి దిగకూడదు. వెడల్పుగా తవ్వండి. మొక్క మొదలు చుట్టూ బెరడు పొట్టు పరవండి, కాండానికి తగలకుండా. ఎండాకాలం నీళ్ళు మరిచిపోకండి.”

నెల్డా ఆమెను గట్టిగా కావలించుకుంది. “బంగారు తల్లివి! దీనికేమన్నా అయితే మళ్ళీ మీ దగ్గరికే వస్తాం.”

“మీరు రండి. ఆయన రానక్కర్లేదు.”

నెల్డా పకపకా నవ్వింది. “చూశావా? మొక్కల దగ్గర నీవల్ల ఒరిగేదేమీ లేదని ఈవిడ కూడా కనిపెట్టేసింది!”

హోలిస్ నవ్వలేదు. మొక్కను ట్రక్కు వెనక పెట్టి, పడిపోకుండా తాడుతో కట్టాడు.  బండి గేటు దాటి కొండ మలుపు తిరిగేదాకా రొవీనా కదల్లేదు.

కిందటి నెలలోనే పనిలో చేరిన ఓపల్ గ్రీన్‌హౌస్‌లోంచి పరుగున వచ్చింది. కోపంతో ఆమె మొహం ఎర్రబడింది.

“అక్కా! అది మన హోలిస్ కాదూ? ఎవత్తె చెయ్యో పట్టుకుని నీ కళ్ళముందే తిరుగుతుంటే, మొక్క ఇచ్చి మరీ సాగనంపుతావా? నేనైతే ఆ కుండీ దాని నెత్తినే పగలగొట్టేదాన్ని. ఎవరక్కా ఆ సిగ్గులేనిది?”

“అతని పెళ్ళాం,” అంది రొవీనా.