చుక్కలు పడని పెట్టె

"చుక్కలు పడతాండాయా?" ఫోన్లో ఎస్తర్ అడిగింది.

"ఒక్కటీ పడలే," అన్నాడు బెంజమిన్.

ప్రొద్దుటూరులో అతనిది చిన్న ప్రింటింగ్ షాపు. కొత్త ప్రింటరు తగిలించగానే కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది. తెరంతా మసకబారి, నడిమధ్యన ఒక పెట్టె వచ్చి కూర్చుంది. అక్షరానికో చుక్క పడాలి. పడటం లేదు. ఆ కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించిందే ఎస్తర్. పాలిటెక్నిక్‌లో అతని క్లాస్‌మేటు, ఇప్పుడు జమ్మలమడుగు బళ్లో కంప్యూటర్ టీచరు. పొద్దున ఆ పెట్టె మూసి, కంప్యూటర్లోనే చాట్ తెరిచి ఆమెకు మొరపెట్టుకున్నాడు. లాభం లేక పెట్టె మళ్లీ తెరిచి ఫోన్ చేశాడు.

ఎదురుగా పులివెందుల నారాయణస్వామి. కూతురి పెళ్లికార్డు నమూనా కోసం నిలబడ్డాడు.

"బస్సు పోతాదప్పా! లగ్నానికన్నా అందుతాదా కార్డు?"

"ఒక్కోసారి చుక్కలు కనపడవు. కొట్టి ఎంటర్ నొక్కు," అంది ఎస్తర్.

కొట్టాడు. నొక్కాడు. పెట్టె ఉలకలేదు, పలకలేదు. అవతల ఎస్తర్ కూడా.

"ఎస్తరూ, ఉండావా?"

"ఉండా." గొంతు కీచుమంది. "ఇంకోసారి కొట్టు. నిదానంగా."

కొట్టాడు.

"తప్పు కొడతాండావేమో. పాస్‌వర్డ్ ఏందో నాకు చెప్పు."

"సచ్చినా చెప్పను!"

"అయితే మళ్లా కొట్టు. మనసు పెట్టి."

నారాయణస్వామి అతని వేళ్లు చూసి నోరు తెరిచాడు. "ఏందప్పా ఇంత పొడుగుండాది! పాస్‌వర్డా, ప్రార్థనా?"

బెంజమిన్ చెవులు ఎర్రబడ్డాయి. అట్లా మొత్తం ఏడుసార్లు కొట్టి ఎంటర్ నొక్కాడు. కొట్టినప్పుడల్లా అవతల దగ్గు.

"నీకేమైంది?"

"చాక్‌పీసు పొడి. సరే, ఇప్పుడు మౌసుతో పెట్టె లోపల నొక్కి, అప్పుడు కొట్టు."

టపటపా చుక్కలు పడ్డాయి! ప్రింటరు గురకపెట్టి లేచింది. షాపులో ఇద్దరూ ఒక్కసారే కేక పెట్టారు. తడి ఆరని కార్డు పట్టుకుని నారాయణస్వామి బస్టాండు వైపు పరుగు తీశాడు.

"మరి ఇంతసేపూ కొట్టిందంతా యాడికి పోయినట్టు?" అడిగాడు బెంజమిన్.

"పెట్టె ముందర కనపడినా, నువ్వు కొట్టేది ఎనకున్న విండోలో పడతాంటాది. అదే బగ్గు," అని ఎస్తర్ ఠక్కున ఫోన్ పెట్టేసింది.

మసక తొలగిన తెర మీద ఆమెతో తెరిచిన చాట్. అందులో, పొద్దుటి మొర కింద, అతను పంపినవి ఏడు వరుసలు. ఏడూ ఒకటే.

‘ఎస్తర్‌ను పెండ్లికి అడగాల.’

బెంజమిన్ పాస్‌వర్డే అది. మొదటి వరుస దాకా చాట్ పైకి జరిపాడు. మొదటి వరుసకూ రెండో వరుసకూ మధ్య ఆమె జవాబుంది.

‘అడుగు.’